మోసేది ఏది? – ఆకెన్‌లో ఒక గోడ కథ

మేము ఆకెన్‌లో ఒక పాత ఇల్లు కొన్నామని తెలిసినప్పుడు హైదరాబాదు నుంచి మా వదినగారు అడిగిన మొదటి మాట, "కొత్తది దొరకలేదుటయ్యా?" అని. ఆవిడ తప్పేమీ లేదు. మన దేశంలో పాత ఇల్లు కొన్నామంటే దానర్థం ఆ స్థలం కొన్నామనే. ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టించడమే తరువాయి. ఇక్కడ వ్యవహారం వేరు. 1904లో కట్టిన ఇటుక ఇంటిని కొన్నవాడు, అందులో అలాగే కాపురం పెట్టి, వంటిల్లు మార్చుకుని, కిటికీలు బాగుచేయించుకుని, పిల్లలకి ఒక గది ఎక్కువ చేసుకుంటాడు. మేమూ అదే చేద్దామనుకున్నాం. ఆ ప్రయత్నంలో ఒక గోడ మాకు నేర్పిన చరిత్ర పాఠం ఈ వ్యాసం.

ఆకెన్ గురించి రెండు మాటలు చెప్పాలి. జర్మనీకి పడమటి అంచున, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులు వచ్చి కలిసే చోట ఉంది ఈ ఊరు. పొద్దున్నే సైకిలు మీద బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకి మూడు దేశాలూ తిరిగి ఇంటికి వచ్చెయ్యవచ్చు. 1870లో మొదలైన సాంకేతిక విశ్వవిద్యాలయం ఇక్కడ ఉంది. దాని పుణ్యమా అని వీధిలో నడుస్తుంటే "ఒరేయ్, బస్సొచ్చింది రా!" అన్న కేక వినపడని రోజు ఉండదు. వేడినీటి ఊటలున్న ఊరు కనక రోమనులు స్నానాలకి వచ్చారు. వాళ్ళ తరవాత, ఆ ఊటల మీద ప్రేమతోనే, ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఇక్కడ తన కోటా, గుడీ కట్టించుకున్నాడు. జర్మనులు ఆయన్ని కార్ల్ మహారాజు అంటారు.

ఇంతకీ మా గోడ సంగతి. రెండో అంతస్తులో రెండు చిన్న గదులున్నాయి. వాటి మధ్య గోడ పట్టుమని పదిహేను సెంటీమీటర్లు కూడా లేదు. వేళ్ళతో కొడితే డబడబలాడుతుంది. మా ఆవిడ కోరిక ఏమిటంటే ఆ గోడ తీసేస్తే అమ్మాయికి చదువుకోవడానికి విశాలమైన గది వస్తుందని. చూడవచ్చిన పనివాడొకాయన గోడ మీద రెండు దెబ్బలు వేసి, "ఇది అడ్డు తెర లాంటిది. దీని కింద, మొదటి అంతస్తులో, గోడే లేదు. కింద గోడ లేనిది పైన బరువెలా మోస్తుంది? ఒక్క రోజు పని" అన్నాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంది. కింద ఉన్నది మేము భోజనాలు చేసే పెద్ద హాలు. నిజంగానే ఆ చోట గోడ లేదు, స్తంభమూ లేదు.

ఆ ఆదివారం విజయవాడలో ఉన్న నాన్నగారితో ఫోనులో ఈ మాట అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఒరేయ్, గోడ తీసేముందు గోడలో ఎవరున్నారో కనుక్కో" అన్నారు. ఆ మాట వెనక ఉన్న కథ మా ఇంట్లో అందరికీ తెలుసు.

కృష్ణా జిల్లాలో మా తాతగారిది మండువా ఇల్లు. నడుమ వాన పడే మండువా, దాని నాలుగు మూలలా టేకు స్తంభాలు, పైన దూలాలు, వాసాలు, పెంకులు. 1986లో మా బాబాయి పెళ్ళికి చుట్టాలందరూ పట్టరని, వసారాకీ పడమటింటికీ మధ్యనున్న మట్టిగోడ తీయించారు. అందరి కళ్ళూ మండువా స్తంభాల మీదే. వాటి జోలికి వెళ్ళకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మట్టిగోడ ఎవరికీ లెక్కలోకి రాలేదు. ఆ గోడ మధ్యలో, మట్టిలో కప్పడిపోయి, ఒక తాటి నిట్రాట ఉంది. ఎప్పుడో ముత్తాతగారి కాలంలో దూలం వంగితే ఊతంగా పెట్టి, దాని చుట్టూ మట్టి మెత్తేశారు. గోడ తవ్వుతుంటే అది కనపడింది. చీకిపోయిన కర్ర అనుకుని కోసేశారు. పెళ్ళి రెండు రోజులుందనగా సాయంత్రం పూట పెంకులు కిరకిరలాడాయి, దూలం జానెడు కుంగింది. దాని కింద నిద్రపోతున్న మా అత్తయ్య కూతుర్ని ఎవరో లాగేశారు కనక సరిపోయింది. ఇరుగు పొరుగు వచ్చి ఊతకర్రలు పెట్టారు. పెళ్ళి బడి వరండాలో జరిగింది. ఆ ఇల్లు మరి తిన్నగా నిలబడలేదు. పది పన్నెండేళ్ళ తరవాత పడగొట్టించేశారు. ఆనాటి మేస్త్రి తాతగారి ముందు చేతులు కట్టుకుని, "గోడ బోసిగా కనపడింది బాబుగారూ, లోపల మనిషున్నాడనుకోలేదు" అన్నాడట. నాన్నగారు ఫోనులో తలుచుకున్నది ఆ మాటే.

అందుచేత మేము ఒక స్టాటికర్‌ని పిలిచాం. కట్టడాల బరువుల లెక్క కట్టే ఇంజనీరుని ఇక్కడ అలా అంటారు. బరువు మోసే గోడ తీయాలంటే జర్మనీలో ఆయన లెక్క, సంతకం లేనిదే పని నడవదు. వచ్చినాయన డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దమనిషి. మా గోడని ఒక్కసారి చూసి, పనివాడి వాదం విని నవ్వి, "వచ్చే వారం సామాను తీసుకుని వస్తాను. ఈ లోపల మీరు ఒకసారి డోమ్‌కి వెళ్ళి తలెత్తి చూడండి. ఏది మోస్తోందో, ఏది మోస్తున్నట్టు నటిస్తోందో చెప్పండి" అన్నారు. డోమ్ అంటే మా ఊరి పెద్ద చర్చి. అందులో నడిబొడ్డున ఉన్నదే షార్లమేన్ కట్టించిన ఎనిమిది పలకల గుడి. 1978లో యునెస్కో వాళ్ళు మొట్టమొదటిసారిగా ప్రకటించిన పన్నెండు ప్రపంచ వారసత్వ స్థలాలలో ఇదొకటి. జర్మనీలో మొదటిది ఇదే.

మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎన్నోసార్లు వెళ్ళిన చోటే, కానీ ఈసారి చూపు వేరు. నడుమ ఎనిమిది దిట్టమైన మూలలు. వాటి మీద పెద్ద కమాన్లు. పై అంతస్తులో ఒక్కొక్క కమానులో నిలువుగా, కింద రెండు, వాటి పైన మరో రెండు, నున్నని రాతి స్తంభాలు. అన్నిటి మీదా, నేలకి ముప్ఫై మీటర్ల పైచిలుకు ఎత్తున, బంగారు మొజాయిక్ పొదిగిన గుమ్మటం. "ఏది మోస్తోందే?" అని అడిగితే మా అమ్మాయి తడుముకోకుండా స్తంభాలనే చూపించింది. నేనయినా అదే చూపించేవాణ్ణి.

ఆ స్తంభాలకి పెద్ద చరిత్ర ఉంది. షార్లమేన్ జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్, ఈ గుడికి కావలసిన స్తంభాలూ పాలరాయీ మరెక్కడా దొరక్క రాజు వాటిని రోము నుంచీ రవెన్నా నుంచీ తెప్పించాడని రాశాడు. ఆల్ప్స్ కొండలు దాటించి, ఎద్దుబళ్ళ మీదా పడవల మీదా తెచ్చి ఉండాలి. రాజుగారి ఆస్థాన పండితుడు ఆల్క్విన్ 798లో రాసిన ఒక ఉత్తరంలో, ఈ గుడిలో నిలబెట్టిన స్తంభాల ప్రసక్తి ఉంది. రోము చక్రవర్తుల తరవాత ఇక నేనే అని చాటడానికి షార్లమేన్‌కి ఆ రాళ్ళు కావాలి.

దాదాపు వెయ్యేళ్ళు గడిచాయి. 1794లో ఫ్రెంచి విప్లవ సైన్యం ఆకెన్‌ని పట్టుకుంది. ఆ స్తంభాల విలువ వాళ్ళకీ తెలుసు. ఊడబెరికి పారిస్‌కి పట్టుకుపోయారు. మరి గుమ్మటం ఏమయింది? ఏమీ కాలేదు. ఒక్క పగులైనా కొత్తగా రాకుండా అలాగే నిలబడింది. ఎందుకంటే ఆ స్తంభాల మీద బరువేమీ లేదు. బరువంతా పెద్ద కమాన్ల మీదుగా మూలల్లో ఉన్న దిమ్మెల్లోకి దిగిపోతుంది. స్తంభాలు కమాను మధ్యలో ఖాళీని నింపుతాయి, అంతే. పై వరస స్తంభాలయితే ఊరికే వెళ్ళి కమాను వంపుకి తల ఆనించి నిలబడతాయి. నెపోలియన్ ఓడిపోయాక, 1815లో కొన్ని స్తంభాలు వెనక్కి వచ్చాయి. కొన్ని పారిస్‌లో లూవ్రు మ్యూజియంలోనే ఉండిపోయాయి. దాదాపు యాభై ఏళ్ళు బోసిగా ఉన్న కమాన్లలో, 1840లలో ప్రష్యా రాజు పూనికతో తిరిగి స్తంభాలు నిలబెట్టారు. ఆ యాభై ఏళ్ళూ గుమ్మటం ఎవరి సాయమూ అడగలేదు.

అయితే దాన్ని పట్టి ఉంచినదేది? దిమ్మెలు కిందకి దిగే బరువుని మోస్తాయి, సరే. కానీ గుమ్మటానికి ఇంకో తంటా ఉంది. అది కిందకి మాత్రమే కాదు, పక్కలకీ నెడుతుంది. రెండు పేకముక్కలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి పైన వేలు పెట్టి నొక్కండి, కాళ్ళు చెరో పక్కకీ జారతాయి. గుమ్మటం అడుగు కూడా అలాగే విచ్చుకోవాలని చూస్తుంది. దీనికి మందు మన పల్లెల్లో కమ్మరికి ఎప్పుడో తెలుసు. బండి చక్రానికి వడ్రంగి ఆకులూ పూటీలూ బిగించాక, కమ్మరి ఇనుప పట్టాని నిప్పుల్లో ఎర్రగా కాల్చి తొడుగుతాడు. చల్లారేటప్పుడు అది ముడుచుకుని చక్రాన్ని బిగబడుతుంది. పట్టా ఊడితే చక్రం చక్రం కాదు. షార్లమేన్ మేస్త్రీలు చేసినదీ సరిగ్గా అదే. గోడ కట్టుతూ ఉండగానే రాళ్ళ మధ్యలో, చుట్టూ వలయంగా ఓకు దూలాలనీ ఇనుప కడ్డీలనీ పెట్టి, వాటి మీద మళ్ళీ రాయీ సున్నమూ వేసి మూసేశారు. లోపల నుంచి చూసినా కనపడవు, బయట నుంచి చూసినా కనపడవు. ఆ కాలానికి ఆల్ప్స్‌కి ఉత్తరాన అంత ఎత్తు గుమ్మటం మరొకటి లేదు. దాన్ని నడుం పట్టుకుని నిలబెట్టినవి ఆ దాగిన వలయాలు.

ఈ సంగతికి ఒక కొసరు కూడా ఉంది. చెట్టు కాండంలో ఏటికొక వలయం చొప్పున ఏర్పడుతుందని, ఆ వలయాల వెడల్పుల వరసని బట్టి చెట్టు కొట్టిన సంవత్సరం చెప్పవచ్చనీ మనకు తెలుసు. గుమ్మటంలోని ఓకు వలయపు కొయ్యని అలా పరీక్షిస్తే, ఆ చెట్టు కొట్టినది 803 ప్రాంతంలో, పదేళ్ళు అటూ ఇటూగా, అని తేలింది. పునాదిలో దొరికిన ఓకు గుంజకి 798, అయిదేళ్ళు అటూ ఇటూగా, వచ్చింది. కోటలూ సింహాసనాలూ చెప్పలేని తేదీని గోడలో మరుగుపడిన కొయ్య చెప్పింది. మన తాటి నిట్రాటని ఎవరైనా అలా అడిగి ఉంటే మా ముత్తాతగారి కథ ఏదో చెప్పేదేమో.

ఇంకొక మాట. ఆ కాలపు రాజవంశ వార్షిక చరిత్రలో 803 చలికాలం కింద, కోట చుట్టుపక్కల భూమి కంపించిందని రాసి ఉంది. ఆకెన్ విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రవేత్తలు ఈ గుడి గోడలలోని పాత పగుళ్ళనీ ఆ భూకంపాన్నీ కలిపి పరిశీలించారు. ఈ ప్రాంతంలో భూకంపాలు కొత్త కావు. 1992 ఏప్రిల్ 13న ఇక్కడికి దగ్గరలోనే, నెదర్లాండ్స్‌లోని రూర్మొండ్ దగ్గర వచ్చిన భూకంపం తెల్లవారుజామున జర్మనీలో కూడా జనాన్ని మంచాల మీద నుంచి లేపేసింది. పన్నెండు వందల ఏళ్ళలో ఇలాంటివెన్నో తట్టుకున్న గుమ్మటం ఇది. ఇలాంటి అదృష్టం అన్ని గుమ్మటాలకీ పట్టలేదు. కాన్‌స్టాంటినోపుల్‌లో 537లో పూర్తయిన హేగియా సోఫియా గుమ్మటం, భూకంపాలకి పగిలి, 558లో కూలింది. దాన్ని మరింత ఎత్తుగా, పక్కలకి నెట్టే బలం తగ్గేలా, తిరిగి కట్టవలసి వచ్చింది. రోములో సెయింట్ పీటర్స్ గుమ్మటం పగుళ్ళిచ్చినప్పుడు, 1740లలో, పోపు పద్నాలుగో బెనెడిక్టు ముందు ముగ్గురు గణితశాస్త్రజ్ఞుల్ని, ఆ తరవాత పాదువా నుంచి జొవాన్నీ పొలేనీ అనే పండితుణ్ణీ పిలిపించాడు. గోడలో దాగిన పాత ఇనుప వలయాలలో ఒకటి తెగిపోయి ఉందని అప్పుడే బయటపడింది. కొత్తగా మరి అయిదు వలయాలు బిగించారు. గోడలో ఏముందో అడిగి తెలుసుకుని గానీ మరమ్మతు చేయకూడదన్న సంగతి ఐరోపా నేర్చుకున్న సందర్భాల్లో ఇదొకటి.

మా ఊరి గుడిని మరమ్మతు చేయని తరం లేదు. 1355 నుంచి 1414 దాకా, తూర్పు వైపు పాత భాగాన్ని పడగొట్టి గాజు గోడల గోతిక్ మండపాన్ని తగిలించారు. కిటికీలు ఒక్కొక్కటీ పాతిక మీటర్ల పైన ఎత్తు. అంత సన్నటి గోడలు నిలబడాలంటే కిటికీల గుండా చుట్టూ ఇనుప కట్లు వేయక తప్పలేదు. చూసేవాళ్ళకి అవి గాజు పలకల చట్రంలో ఒక భాగంలా కనిపిస్తాయి. 1656లో ఊరికి ఊరు తగలబడిపోయినప్పుడు కప్పులు కాలిపోతే కొత్త కప్పు వేశారు. పద్దెనిమిదో శతాబ్దంలో గుమ్మటం లోపల తెల్లటి సున్నపు బొమ్మలతో అలంకరించారు. పందొమ్మిదిలో అవి నచ్చక పీకేసి 1881కల్లా వెనిస్ పనివాళ్ళ చేత బంగారు మొజాయిక్ పొదిగించారు. ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో గోడలకి పాలరాయి తాపడం చేశారు. ఒక తరం పూసింది ఇంకో తరం గీకేసింది. ఇన్ని చేసినా లోపలి కట్టు జోలికి ఎవరూ పోలేదు కాబట్టే ఈ గుడి ఇంకా ఉంది. 1847లో పుట్టిన కార్ల్ సంఘం అనే పౌరుల సంస్థ చందాలు పోగుచేసి ఈ మరమ్మతులకి వెన్నుదన్నుగా నిలిచింది. మనవాళ్ళు గుళ్ళకి కమిటీలు వేసుకుంటారు చూడండి, అలాంటిదే.

ఇది చూస్తుంటే నాకు హనుమకొండ గుర్తుకొచ్చింది. వేయిస్తంభాల గుడి పేరులోనే స్తంభాలున్నాయి. చూసినవాళ్ళందరూ స్తంభాల నునుపే చెబుతారు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో స్తంభాలు నిజంగానే బరువు మోస్తాయి. ఆకెన్ స్తంభాల్లా నటించవు. కానీ స్తంభాల్ని మోసేదేమిటి? కాకతీయుల మేస్త్రీలు లోతుగా గొయ్యి తీసి, ఇసుక నింపి, దాని మీద రాయి పేర్చేవారు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికీ అదే తరహా పునాది. ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇసుక కదలనంత కాలం గుడి కదలదు. నీరు చేరి ఇసుక జారితే ఎంత నునుపైన స్తంభమైనా ఒరుగుతుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపానికి అదే జరిగింది. 2006 ప్రాంతంలో పురావస్తు శాఖ వారు మండపాన్ని రాయి రాయీ విప్పి, అంకెలు వేసి పక్కన పెట్టి, అడుగు నుంచి మళ్ళీ కట్టారు. తిరిగి తెరిచింది 2024 మార్చిలో. పద్దెనిమిదేళ్ళు! నేను ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు అక్కడ అంకెలేసిన రాళ్ళ గుట్టలు చూసి విసుక్కున్నాను. ఇప్పుడయితే విసుక్కోను. కంటికి కనపడని దాన్ని సరిచేయాలంటే కనపడేదంతా ముందు విప్పాలి మరి.

వారం తిరిగాక స్టాటికర్ గారు వచ్చారు. "స్తంభాలు" అని మా అమ్మాయి చెప్పిన జవాబు విని ఆయన సంతోషపడిపోయారు. "అందరూ అదే చెబుతారు. ఇప్పుడు మీ ఇంటిని అడుగుదాం పదండి" అన్నారు. మేమంతా పైకి వెళ్ళబోతుంటే ఆయన కిందకి, సెల్లారులోకి దిగారు. ఇల్లు ఏ దారిన బరువు దించుకుంటుందో కింద నుంచి పైకి చదవాలిట, మన జాతకం లాగా మధ్యలో నుంచి కాదుట.

సెల్లారు కప్పుకి వరసగా ఇనుప దూలాలు, వాటి మధ్య చిన్న చిన్న ఇటుక కమాన్లు. మన పాత రైల్వే స్టేషన్లలో, రైల్వే క్వార్టర్లలో తలెత్తి చూస్తే కనపడే కప్పే. నాకు ఒక్కసారిగా మా ఊరి స్టేషను గుర్తుకొచ్చింది. ఆ ఇనుప దూలాలకీ ఈ ఊరికీ చుట్టరికం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్క కర్మాగారం ఒక్కొక్క కొలతలో దూలాలు చేసేది. జర్మనీ అంతటికీ ఒకే కొలతల పట్టీ తయారు చేసినవాళ్ళు ఆకెన్ విశ్వవిద్యాలయం ఆచార్యులు ఫ్రీడ్రిష్ హైంజర్లింగ్, ఒట్టో ఇంట్సె. వాళ్ళ పుస్తకం 1880 ప్రాంతంలో వచ్చింది. ఊరి తూర్పు పక్కన రోట్ఎర్డె ఉక్కు కర్మాగారం కూడా ఉండేది, 1926లో మూతపడింది. ఇంజనీరు గారు దూలం వెడల్పూ ఎత్తూ కొలిచి, జేబులోని పట్టీ చూసి, అదెంత బరువు ఓపుతుందో అక్కడికక్కడే చెప్పేశారు.

అక్కడి నుంచి ఒక్కొక్క అంతస్తూ ఎక్కాం. ప్రతి గోడ కిందా గోడ ఉందా లేదా అని చూసుకుంటూ వచ్చారు. గోడల మందం కొలిచారు. 1872లో జర్మనీలో ఖాయం చేసిన ఆనాటి ఇటుక కొలత ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడుగు, పన్నెండు వెడల్పు. మందాన్ని బట్టి గోడ ఇటుకన్నర గోడో, ఇటుక గోడో, అర ఇటుక గోడో తెలుస్తుంది. నేల చెక్కల మీద మేకుల వరస చూపించారు. చెక్కలు ఎటు పరిస్తే దూలాలు దానికి అడ్డంగా ఉంటాయి. మేకుల వరస ఉన్న చోటల్లా కింద దూలం ఉన్నట్టే. వీధి ముఖపు గోడ మీద బయట ఇనుప నక్షత్రాల్లాంటివి రెండున్నాయి. అలంకారమనుకుని వాటిని తీసి రంగు వేయిద్దామనుకున్నాను నేను. "అవి లోపలి దూలాల తోకలు. ముందు గోడ వీధిలోకి వాలిపోకుండా పట్టుకున్నవి అవే" అన్నారాయన. నాకు నోట మాట రాలేదు.

చివరికి ఆ గోడ దగ్గరకి వచ్చాం. పనివాడు చెప్పిన వాదం ఆయన తిరగేశారు. "కింద గోడ లేదు. మంచిది. అయితే ఈ గోడ దేని మీద నిలబడింది? అదీ కాక, కింద అంత వెడల్పు హాలు కప్పు, నూట ఇరవై ఏళ్ళయినా ఎందుకు కుంగలేదు?" ఈ రెండో ప్రశ్న మాకెవరికీ తోచలేదు. నగర కార్యాలయం నుంచి తెచ్చిన ఇంటి పాత నక్షాలో ఆ గోడ ఒక సన్న గీత మాత్రమే. ఆయన గోడ మూలన అరచెయ్యంత మేర గచ్చు ఒలిచారు. ఇటుక కనపడలేదు. కొయ్య కనపడింది. అది నిలువుగా లేదు, ఏటవాలుగా పైకి పోతోంది. అవతలి మూలన ఒలిస్తే అక్కడా ఇంకొకటి, ఎదురు వాలుతో. మధ్యలో సన్న రంధ్రం వేసి తీగ కెమెరా దూర్చి చూపించారు. పై నుంచి కిందకి ఒక ఇనుప కడ్డీ దిగి నేలలోకి పోయింది.

అప్పుడు అర్థమయింది. ఆ గోడ కింద దేని మీదా నిలబడలేదు. లోపల రెండు ఏటవాలు కొయ్యలు ఇంటి కప్పు ఆకారంలో కలిసి, బరువుని రెండు పక్కల గోడలకీ అప్పగిస్తున్నాయి. వాటి శిఖరం నుంచి దిగిన కడ్డీకి కింది హాలు కప్పు దూలం వేలాడుతోంది. అంటే గోడ హాలు కప్పు మీద కూర్చోలేదు. హాలు కప్పే గోడని పట్టుకు వేలాడుతోంది. హాలులో స్తంభం కనపడకూడదని 1904లో ఎవరో వడ్రంగి ఆ పని చేసి, సున్నం పూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మేము ఆ గోడ మధ్యలో కోసి ఉంటే, కింద అన్నాలు తింటున్న వాళ్ళ మీద ఏమయ్యేదో నేను రాయనక్కరలేదు. మా ఆవిడ కింద హాలులోకి వెళ్ళి చాలాసేపు కప్పుకేసి చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు గోడ అక్కడే ఉంది. ఏటవాలు కొయ్యలకి తగలకుండా, ఒక పక్కగా, స్టాటికర్ గారు గీసి ఇచ్చిన చోట మనిషి పట్టేంత దారి పెట్టించాం. గచ్చు ఒలిచిన మూల తిరిగి పూయించలేదు, ఒక గాజు పలక బిగించాం. ఇంట్లో ఎవరు కాపురమున్నా ఆ కొయ్య కనపడాలని. ఇంటి కాగితాల్లో ఒక బొమ్మ గీసి, ఏది దేన్ని పట్టుకుందో రాసి పెట్టాను. మా ముత్తాతగారు నిట్రాట పెట్టినప్పుడు చిన్న ముక్క రాసి పెట్టి ఉంటే ఆ ఇల్లు ఇంకా ఉండేదేమో. మీలో పాత ఇల్లు కొన్నవాళ్ళుంటే నాకు తోచిన సలహా ఇదొక్కటే: సుత్తి పట్టుకునే ముందు లెక్క తెలిసినవాళ్ళని పిలవండి, సెల్లారు నుంచి మొదలెట్టించండి, తెలుసుకున్నది కాగితం మీద రాసి తరవాతి వాళ్ళకి వదలండి.

ఈ సంగతంతా నాన్నగారికి చెప్పి, గాజు పలక వెనక కొయ్య ఫొటో పంపాను. ఆయన చూసి, "మన మేస్త్రి చెప్పింది నిజమేరా. లోపల మనిషున్నాడు" అన్నారు. తరవాత కాసేపాగి, "వాడికి తడి తగలకుండా చూసుకో" అన్నారు.